దేవుని గూట్లకు పోయిన ఉగ్గుగిన్నె

మా చిన్నప్పుడు... మరిపెడల మా ఇంటి వెనుక వాకిట్ల ఆముదం వాసన వచ్చిందంటే నేను పోయి బియ్యం బస్తాల సందున కూసునేదాన్ని. ముందు కిరాణా దుకాణం, వెనుక ఇల్లు. బస్తాల నడుమ తమ్ముని ఏడుపు జర తక్కువ వినపడేది.

వాడు అప్పటికి మెడ కూడా నిలపని పసిగుడ్డు. పొద్దుగాల స్నానానికి ముందు వానికి ఆముదం తాపుడు మా బాపమ్మ పని. బాపమ్మ అంటే మా బాపు తల్లి. కాళ్లు బారజాపి, వాన్ని వెల్లకిల పండబెట్టుకొని, రెండు వేళ్లతోని ముక్కు మూసేది. ఊపిరికని నోరు తెరువంగనే ఉగ్గుగిన్నె వంచేది...

ఉగ్గుగిన్నె తెల్వనోళ్లకు చెప్తున్న. అరచేతిల పట్టేంత ఇత్తడి గిన్నె, ఒక దిక్కు పిట్టముక్కు లాంటి మూతి. కడుపు సాఫ్ అయితదని, బొక్కలు గట్టిపడతయని, రంగు తేలుతడని... మా గల్లీల ఆముదానికి రాని విద్య లేకుండె.

సలహాలకూ కొదువ లేకుండె. చక్కెర పొట్లానికి వచ్చినోళ్లు కూడా లోపలికి తొంగిచూసి ఒకటి పారేసి పోయేటోళ్లు. "తల గుండ్రంగ రావాలె, ఒత్తుండ్రి." "ముక్కు గుంజు పిల్లా, చప్పిడిదైతది." మా అమ్మ అన్నిటికి తల ఊపేది. అత్తమ్మ ముంగట మాట్లాడే అలవాటు ఆమెకు లేదు. అలవాటు చేసుకుందామన్నా ఎవరూ సందియ్యలే.

ఆ పొద్దు తమ్ముడు నోరు బిగబట్టిండు. ఎదురింటి రాజవ్వ వాకిట్ల నిలబడి, "ఏడ్వనియ్యి అక్కా. ఏడుస్తుంటె పొయ్యి, గటగట దిగుతది" అన్నది.

బాపమ్మ వాడు ఏడుస్తుంటె పోసింది.

ఏడుపు ఆగింది.

బస్తాల సందున ఉన్న నాకు మొదలు మంచిగనే అనిపించింది... కొంచెంసేపటికి భయమైంది. దగ్గు లేదు, ఎక్కిళ్లు లేవు, ఏ సప్పుడూ లేదు. లేచి వచ్చి తలుపు కాడ నిలబడ్డ. వాని నోరు తెరిచే ఉన్నది, గాలి మాత్రం లోపలికి పోతలేదు. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగినయి. ఎప్పుడూ బిగించి ఉండే చిన్న పిడికిళ్లు మెల్లగ విప్పుకున్నయి. ఆ విప్పుకున్న వేళ్లే నాకు ఇప్పటికీ యాదికొస్తయి.

"గుక్క పట్టిండు, మొకం మీద నీళ్లు కొట్టు" అన్నది రాజవ్వ. "దిష్టి తాకింది, ఉప్పు తే" అన్నది బాపమ్మ. పానం పోతుంటె కూడా సలహాలే.

నీళ్లు చేదుతున్న మా అమ్మ బాయి కాడి నుంచి ఉరికొచ్చింది. ఎవర్నీ అడగలే. అత్తమ్మ కాళ్ల మీదికెళ్లి పిలగాన్ని గుంజుకున్నది. తన చేతి మీద బోర్ల వేసి, తల కిందికి వంచి, వీపు మీద చరిచింది. మళ్లా చరిచింది. నూనె, పాలు కలిసి నేల మీద పడ్డయి. ఆ వెనుక సన్నగ ఒక కూత... పిల్లికూన కూతంత. అంత చిన్న ఏడుపు కోసం పెద్దోళ్లందరు ఊపిరి బిగబట్టి నిలబడుడు నేను మళ్లెప్పుడూ చూడలే.

వాని ఛాతిల గురగుర పోలే. బాపు, అమ్మ వాన్ని ఎత్తుకొని బస్సుల మానుకోట దవాఖానకు పోయిండ్రు. నూనె ఊపిరితిత్తులల్లకు దిగిందని డాక్టరు చెప్పిండట. వాడు తిరిగొస్తడా అని నేనెవర్నీ అడగలే. అడిగితే జవాబు చెప్తరేమోనని భయం.

వచ్చిండు. మరునాడు పొద్దుగాల బాపమ్మ స్నానానికి నీళ్లు కాగబెట్టి కేకేసింది. "కోడలా, ఉగ్గుగిన్నె ఏది?"



"దేవునికి మొక్కిన అత్తమ్మా. పిలగాడు బతికి ఇల్లు చేరితె గిన్నె నీకే అన్న."

దేవుని గూట్ల, పటాల ముంగట ఉన్నది గిన్నె. నిండ కుంకుమ.

బాపమ్మ గిన్నె దిక్కు చూసింది, అమ్మ దిక్కు చూసింది. మనుషులతోని ఎంత పంచాయితైనా పెట్టుకుంటది గాని, దేవునితోని పెట్టుకునే మనిషి కాదు. అండ్లకెళ్లి ఇంత బొట్టు పెట్టుకొని పోయింది.

చాన ఏండ్లకు అడిగిన. "నిజంగ మొక్కినవా అమ్మా?"

"మొక్కేటంత తీరిక ఏడున్నదే అప్పుడు" అన్నది.

ఇప్పుడు జనగామల మా కొడుకింట్ల నా మనుమడు, మెడ నిలపని పసిగుడ్డు. కోడలి ఫోన్ల తల్లుల గ్రూపు ఒకటి ఉన్నది. మా పాత గల్లీ మొత్తం అండ్లకు కాపురం మారినట్టున్నది. మొన్న ఎవరో తల్లి, పిలగానికి విరేచనం కాకుంటే ఏం చేయాలని అడిగింది. "ముక్కు మూసి ఆముదం పోయండి, మేమందరం అట్లనే పెరిగినం" అని ఇంకొకామె జవాబు. పెరగనోళ్లు ఆ గ్రూపుల ఉండరు గద తల్లీ, చెప్పెటందుకు...

తొట్టెల ఫంక్షన్‌కు మా వియ్యపురాలు వెండి ఉగ్గుగిన్నె తెచ్చింది. మంచి మనిషి, ముచ్చటపడి చేయించింది. దాని పిట్టముక్కు చూడంగనే తమ్ముని విప్పుకున్న వేళ్లు యాదికొచ్చినయి. ఆముదం వద్దని ఆమెకు చెప్పిన, కోడలికి చెప్పిన. ఇద్దరూ తల ఊపిండ్రు. తల ఊపుడును నేను నమ్మను. తల ఊపే ఇంట్లనే పుట్టినదాన్ని.

అందరు భోజనాల కాడ ఉన్నప్పుడు గిన్నె నిండ కుంకుమ పోసి దేవుని గూట్ల పెట్టిన. "మొక్కు" అన్న. వియ్యపురాలే ముందుగాల అండ్లకెళ్లి బొట్టు పెట్టుకున్నది. ఇన్నేండ్లు బడిల సైన్సు చెప్పిన... ఆఖరికి పనికొచ్చింది కుంకుమ.

అప్పుడు సలహా ఇచ్చినామె ఎదురింట్ల ఉండేది, పిలగాడు నీలంగైతే మనతోపాటు వణికేది. ఇప్పుడు సలహా ఎవరిదో, ఏ ఊరిదో తెల్వదు... వణికేది మనమొక్కళ్లమే.

మీ ఇండ్లల్ల కూడా ఉగ్గుగిన్నె ఉండే ఉంటది. ఇప్పుడు దాంట్ల ఏమున్నదో ఒకసారి పోయి చూసొచ్చి, కింద రాయుండ్రి.