నెవిల్ తుపాకీ

టుయాటపేరే ఊరి కలప మిల్లులో పనిచేసే నెవిల్ కనుబొమల్లో ఎప్పుడూ రంపపు పొట్టు ఉంటుంది. పని రంపం మీద, ప్రాణం తుపాకీ మీద. అది ఎవరో వదిలించుకున్న పాత వేట తుపాకీ. కొత్తది కొనే స్తోమత అతనికి లేదు, కొత్తవాటిని ఓడించాలన్న పంతం మాత్రం ఉంది. గొట్టం దాని కిందున్న చెక్క పిడికి తగిలితే గురి చెడుతుందని మూడు చలికాలాలు ఆ చెక్కను గరుకు కాగితంతో అరగదీశాడు. గొట్టం కింద ఐదు డాలర్ల నోటు దూర్చి లాగి, అది సాఫీగా జారితేనే టీకి లేచేవాడు. చెంప ఆనే చోట పాత చాప ముక్క అతికించాడు, భుజానికి ఆనే చోట సైకిలు ట్యూబు తొడిగాడు.

దుప్పుల వేటకు ముందు ఊరంతా గురి సరిచూసుకునే ఆదివారం, అతని మూడు తూటాలూ ఎప్పటిలాగే గురిపలక మీద సాసరంత మేర చెదిరాయి. "చెక్క ఇంకా తగుల్తోంది," అంటూ జేబులోంచి గరుకు కాగితం తీశాడు.

"ఉండవయ్యా, నన్నోసారి కాల్చనీ," అని అతని భార్య నోలీన్ తను తింటున్న సాసేజి రొట్టె అతని చేతిలో పెట్టింది. అదే తుపాకీతో ఆమె కాల్చిన మూడు తూటాలూ ఒకే చిల్లులో పడ్డట్టు పడ్డాయి.

"అరగదియ్యాల్సింది చెక్కని కాదురా నెవిల్," అన్నాడు మిల్లు స్నేహితుడు టాఫ్. అందరూ నవ్వారు. నెవిల్ గురిపలక దగ్గరికి వెళ్లి ఆ చిల్లును చాలాసేపు వేలితో తడిమాడు.

"చూశారా, ఎంత బాగా కుదిర్చానో," అన్నాడు.

ఆ వారం వేటకు బయలుదేరినప్పుడు తుపాకీ నోలీన్ భుజాన ఉంది, మాంసం మోసే సంచి నెవిల్ వీపున ఉంది. అడవి అంచున ఆమెను ఆపి, గొట్టం కింద ఐదు డాలర్ల నోటు మరోసారి లాగి చూశాడు.