కారు ఆగింది, రైలు కదిలింది

తొంభైల చివరి మాట. ఏదో చిన్న మాటకి అలిగి, నా స్నేహితురాలు రత్నంతో నెల్లాళ్లు మాట్లాడలేదు. ఇంతలో తనకి అస్సాంలో నర్సు ఉద్యోగం వచ్చింది. తను నిడదవోలులో రైలెక్కేలోపు నా తప్పు ఒప్పుకోవాలని, మండపేట నుంచి అన్నయ్య కారులో బయలుదేరాను.

దారిలో ఇంజన్ వేడెక్కి ఆవిర్లు కక్కింది. అన్నయ్య కంగారుగా రేడియేటర్ మూత తిప్పబోతే, పక్కన ఆగిన లారీ డ్రైవరు అరిచాడు. "ముట్టుకోకండి, మొహం కాలిపోద్దండి!"

చల్లారాక చూస్తే నీళ్లున్నాయి, ఫ్యాను బెల్టూ బాగానే ఉంది. ఆయన ముందుకొచ్చి వంగాడు. "మిల్లుల దగ్గర తిరిగే బండా అండీ? రేడియేటర్ ముందంతా ఊకేనండి. గాలెలా ఆడుద్ది?"

ముగ్గురం పుల్లలతో ఊకంతా గీకాం. స్టేషన్‌కి చేరేసరికి రైలు కదిలిపోతోంది. "వచ్చావా, పిచ్చిదానా!" అని కిటికీలోంచి రత్నం ఏడుస్తూ నవ్వింది.

ఉత్తరాలు రాసుకున్నాం కానీ మళ్లీ కలవలేదు. తప్పు నాదేనని కాగితం మీద ఎన్నోసార్లు రాశాను. ఎదురుగా నిలబడి ఒక్కసారి చెప్పాలని ఇప్పటికీ ఉంది.