పది నెలలుగా కుదరని మాక్‌టెయిల్

మా అత్తయ్యకు మాక్‌టెయిల్ కలపడం రాదు. రాకపోతే మానేయొచ్చుగా? మానదు. రోజూ సాయంత్రం సరిగ్గా ఆరున్నరకు మొదలుపెడుతుంది, ఏదో ఒకటి తగలేస్తుంది, మేడ మీంచి వీధి మొత్తానికి వినపడేలా కేకేస్తుంది. "ఒరేయ్ పెద్దోడా! కుదర్లేదురా! ఒక్కసారి పైకి రా!"

పెద్దోడంటే మా ఆయన. ఆవిడ ఆయనకు సొంత మేనత్త. మేం కింది వాటాలో ఉంటాం, ఆవిడ పై వాటాలో. ముప్పై ఏళ్ళు ఒక బడిలో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకుని రిటైరైన మనిషి. చుక్క తేడా రాకుండా యాసిడ్లు కొలిచిన చెయ్యి. ఆ చేతికి పళ్ళరసంలో సోడా పోసేసరికి ఏ మాయరోగం వచ్చేదో నాకు అంతుపట్టేది కాదు.

మొదటి రోజు నారింజరసంలో పంచదారకు బదులు ఉప్పు పడింది. రెండో రోజు పుదీనాకు బదులు కొత్తిమీర. ఆ రెండో రోజుది ఖర్మకాలి నేను తాగాను. కూరలో సోడా కొట్టుకుని తాగినట్టుంది.

"ఎలా ఉందే అమ్మాయ్?"

"బాగుందత్తయ్యా."

"అబద్ధం. నీకు నాలుక లేదు. వాణ్ణి పిలు."

మరోసారి దానిమ్మరసం, అల్లం, సోడా అన్నీ ఒకే సీసాలో పోసి, మూత బిగించి, రెండు చేతులతో పట్టుకుని ఊపేసింది. ఢామ్మని వినిపిస్తే గ్యాస్ సిలిండర్ పేలిందనుకుని పరుగెత్తుకెళ్ళాను. వంటింటి కప్పంతా ఎర్రటి మరకలు. నెత్తిమీద అల్లంముక్కలతో అత్తయ్య తొణక్కుండా నిలబడి ఉంది.

అప్పుడే డ్యూటీ దిగొచ్చిన మా ఆయన కప్పు వంక చూసి, అత్తయ్య వంక చూసి, తల పట్టుకున్నారు.

"అత్తా, గ్యాసున్నదాన్ని మూతపెట్టి ఎవరైనా ఊపుతారా? సోడా చివర్లో పోయాలి. అదీ గ్లాసు అంచు మీంచి, మెల్లగా."

"నాకేం తెలుసురా? నేనేమన్నా చదువుకున్నదాన్నా?"

కెమిస్ట్రీ ల్యాబ్‌లో ముప్పై ఏళ్ళు! నాకు ఒళ్ళు మండిపోయింది.

మండదా మరి? మా ఇంట్లో అప్పుడున్న పరిస్థితి అది. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. ఆరింటికి షిఫ్టు దిగితే గేటు ఎదురుగానే మందు షాపు, షాపు ముందు ఆయన జట్టు. పన్నెండేళ్ళు అలాగే గడిచింది. ఓ రోజు డాక్టరు స్కానింగ్ కాగితం చూసి, "ఇంకో ఏడాది ఇలాగే తాగితే నా దగ్గరికి రానక్కర్లేదు" అన్నాడు. ఆ రోజు నుంచి మానేశారు. మానేశారంటే మాటలా? ఆరున్నర కొట్టేసరికి గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగేవారు. చెప్పులు వేసుకునేవారు, విప్పేవారు. ఎనిమిదింటికి షాపు మూసేదాకా నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేదాన్ని. అసలే అలాంటి మనిషిని, ఈవిడేమో సరిగ్గా ఆ వేళకే పైకి రమ్మని పీక్కుతినడం!

వెళ్ళేవారు, విసుక్కుంటూనే. పుదీనా నూరేస్తే చేదెక్కుతుందని, గ్లాసు అడుగున గరిటె కాడతో కాస్త అదిమితే చాలని ఆయనే కనిపెట్టారు. పైనాపిల్ రసంలో నిమ్మగడ్డి నానబెట్టడం కూడా ఆయన ఆలోచనే. మూడో నెలకల్లా ముదిరిపోయారు. గ్లాసు చెవి దగ్గర పెట్టుకుని బుడగల చప్పుడు విని, ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని రోగం చెప్పేవారు.

"పులుపు గట్టిగా లాగుతోందత్తా. తీపి అందట్లేదు. రెండు చెంచాల తేనె పోస్తే బండి దార్లో పడుతుంది."

"అమ్మో, నీ నాలుకే నాలుకరా!"

మర్నాడు మళ్ళీ మామూలే. తేనెకు బదులు ఆవనూనె.

అలా పది నెలలయ్యాక మా ఆయనను హెడ్ మెకానిక్‌ని చేశారు. నేను ఎగిరి గంతేశాను. ఆయన వేయలేదు. వాళ్ళ డిపోలో ఒక ఆనవాయితీ ఉంది. ప్రమోషన్ వచ్చినవాడి ఇంటికి అందరూ వస్తారు, వాడు అందరి ముందూ నిలబడి మొదటి గ్లాసు ఖాళీ చేయాలి. అప్పటిదాకా ఇంకెవరూ ముట్టుకోరు. ఈయన మానేసిన సంగతి డిపోలో ఎవరికీ చెప్పలేదు. అడిగినప్పుడల్లా మాత్రలు వాడుతున్నానని దాటేస్తూ వచ్చారు.

"ఒక్క గుక్కే కదా, పెదాలకు ఆనించి పక్కన పెట్టేస్తాలే" అన్నారు నాతో. ఆ మాట అంటున్నంతసేపూ నా మొహం వంక చూడలేదు.

నేను తిన్నగా పైకి వెళ్ళి అత్తయ్యకు చెప్పాను.

"ఎంతమంది వస్తారే?"

"నలభై మంది. ఆదివారం మధ్యాహ్నం."

"అందరికీ నేను కలుపుతాను. నువ్వు గ్లాసులు తెప్పించు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పది నెలల్లో ఒక్క గ్లాసు తిన్నగా కలపని మనిషి నలభై గ్లాసులు! సరిదిద్దడానికి మా ఆయన కూడా ఉండరు, ఆ రోజు పన్నెండింటిదాకా డ్యూటీ. కనీసం ఉప్పు డబ్బా అయినా దాచేద్దామని ఆదివారం పొద్దున్నే పైకి వెళ్ళాను.

వంటింటి గుమ్మంలోనే ఆగిపోయాను. బల్ల మీద నలభై గ్లాసులు బారులు తీరి ఉన్నాయి. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని, కొలజాడీతో నారింజరసం కొలిచి పోస్తోంది. అల్లంరసం డ్రాపరుతో, గ్లాసుకు ఆరు చుక్కలు. పుదీనా రెండేసి ఆకులు. ఒక్క చుక్క కూడా తొణకడం లేదు. ఒక గ్లాసులో ఐసుముక్కలు వేసి, అంచు మీంచి సోడా పోసి నా చేతికిచ్చింది. తాగాను. బుడగలు ముక్కుదాకా తన్నుకొచ్చాయి. ఒక్క వంక పెట్టడానికి లేదు.

"అత్తయ్యా! ఇది కుదిరింది!"

"కుదరకేం చేస్తుందే?"

"మరి ఇన్నాళ్ళూ?"

ఆవిడ తల ఎత్తకుండా ఇంకో గ్లాసులో ఆరు చుక్కలూ లెక్కపెట్టింది.

"ఇన్నాళ్ళూ ఆరున్నర నుంచి ఎనిమిదిదాకా వాడు ఎక్కడున్నాడు?"

"మీ వంటింట్లో."

"అంతేనే. నాకు రుచిగా కావల్సొచ్చి చేశాననుకున్నావా? వాడికి మాత్రం చెప్పకు, రోషగాడు."

ఆ పది నెలలూ ఆవిణ్ణి మనసులో తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. గబగబా పుదీనా తుంచుతూ కూర్చున్నాను.

మధ్యాహ్నం హాలు నిండిపోయింది. డిపోలో అందరికంటే సీనియరు, బుర్రమీసాల డ్రైవరు, సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు. "హెడ్‌గారూ, మొదటి గ్లాసు!" అందరూ చప్పట్లు మొదలుపెట్టారు. మా ఆయన సీసా వంక చూశారు. అత్తయ్య ట్రే పట్టుకుని పక్కనే నిలబడి ఉంది.

మా ఆయన చెయ్యి ట్రే వైపు వెళ్ళింది. ఒక గ్లాసు తీసి పైకెత్తారు.

"నేను మానేసి పది నెలలైంది. మాత్రలు లేవు, ఏమీ లేవు, ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పాను. నా మొదటి గ్లాసు ఇదే" అని గటగటా తాగేశారు.

చప్పట్లు ఆగిపోయాయి. బుర్రమీసాలాయన అనుమానంగా ఇంకో గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగాడు. మీసాలకు అంటుకున్న పుదీనా ఆకు తీసి నమిలాడు.

"ఇంకోటుందా అమ్మా?" అన్నాడు.

దాంతో అందరూ ట్రే మీద పడ్డారు. సీసా మూత తీయాలన్న ధ్యాస ఎవరికీ లేకపోయింది.

అందరూ వెళ్ళాక మా ఆయన గ్లాసులు కడుగుతూ తనలో తను నవ్వుకుంటున్నారు. "ఎందుకండీ?" అన్నాను.

"నలభై గ్లాసుల్లో ఒక్కదాన్నైనా చెడగొట్టలేదు చూశావా? ఇవాళ నటించడం మర్చిపోయింది మా అత్త."

నేను నోరు తెరిచాను. "మీకు తెలుసా?"

"రెండో వారంలోనే తెలిసింది. ఉప్పుకూ పంచదారకూ తేడా తెలియని ల్యాబ్ మనిషి ఎక్కడైనా ఉంటుందా?"

"తెలిసీ రోజూ ఎందుకు వెళ్ళారు మరి?"

"మొదట్లో నా కోసమే వెళ్ళాను. తర్వాత అలవాటైంది." చేతులు తుడుచుకుని గొంతు తగ్గించారు. "పైగా నేను వెళ్ళకపోతే అదంతా ఆవిడే తాగాలి కదే, పాపం. ఆవిడకు మాత్రం చెప్పకు."