మూతి పెట్టి తాగడం

పాప ముందుపళ్ల మీద గోధుమరంగు చారలు కనబడితే బెల్లం అంటుకుందేమో అనుకున్నాను. వేలికి తడిగుడ్డ చుట్టి తుడిచాను. పోలేదు. అనంతపురంలో పిల్లల డాక్టరుకు చూపించాను. ఆయన పాప నోరు తెరిపించి చూసి, "సీసా నోట్లో పెట్టుకునే నిద్రపోతాది కదమ్మా?" అన్నాడు. ఔనన్నాను. "ఇంక సీసా మానిపించండి. కప్పుతో తాగించండి. ఆలస్యం చేస్తే ఆ పళ్లు పుచ్చిపోతాయి" అన్నాడు. ఆయనకు అది ఒక్క మాట. నాకు మాత్రం వేసవి సెలవులన్నీ దానికే సరిపోయాయి.

నేను టౌన్లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. పాప కడుపులో ఉండగా ఆపేసిన ఉద్యోగం. బడులు తెరిచే రోజుకు మళ్లీ రమ్మన్నారు. రాలేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని కూడా మర్యాదగానే చెప్పారు. మా ఇల్లు బుక్కరాయసముద్రంలో. పొద్దున బస్సెక్కితే మళ్లీ సాయంత్రానికి గానీ రాను. అంతసేపూ పాపను చూసుకోవాల్సింది మా అత్త. బడులు తెరిచేలోపల పాపకు కప్పు అలవాటు కాకపోతే, నేను బడికి పోయిన పూటల్లా పిల్ల పస్తుండాలి, లేదంటే సీసా మళ్లీ నోట్లోకి రావాలి. రెండూ కుదరవంటే ఉద్యోగం మానుకోవాలి. ఆ మూడోది తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండేది.

రెండు పిడులున్న కప్పు కొన్నాను, దాని మీద కుందేలు బొమ్మ. సీసాలన్నీ తీసి అటక మీద పడేశాను. పాప ఆ కప్పును ఎంతో ఇష్టంగా అందుకుంది. రెండు చేతులా పట్టుకుని, తల వెనక్కి వాల్చి, కప్పును మొహం మీదికి ఎత్తి వంచింది. పాలు కళ్లలో పడ్డాయి, ముక్కులోకి పోయాయి. పొలమారి, దగ్గి దగ్గి మొహమంతా ఎర్రబడింది. మరుసటి రోజూ అంతే. ఆ తర్వాత కప్పు కనబడితే చాలు, మూతి బిగించి తల అటూ ఇటూ తిప్పేది. చెంచాతో పోస్తే ఉమ్మేసేది. రాగిజావ నాకేది గానీ పాలు మాత్రం ముట్టలేదు.

నా తల ప్రాణం తోకకొచ్చింది. స్టీలు గ్లాసు ఇచ్చి చూశాను, వెండి గిన్నె ఇచ్చి చూశాను, బొమ్మలు చూపించి ఏమార్చాను. పిల్ల బుగ్గలు తగ్గాయి. ఎత్తుకుంటే తేలిగ్గా అనిపించేది. అది నిజమో నా భయమో నాకే తెలిసేది కాదు. మా ఆయనది రోజూ ఒకటే పాట. "యాడ పెట్టినావ్ ఆ సీసా? ఇచ్చేయ్ పాపం. పాలపళ్లే గదా, మళ్లీ వస్తాయిలే." ఆయన మీద అగ్గి మీద గుగ్గిలమయ్యేదాన్ని, ఎందుకంటే ఇచ్చేద్దామని నాకూ అనిపిస్తుండేది.

ఒక మధ్యాహ్నం మా ఆయన ఎండలోంచి వచ్చి, చెంబులో నీళ్లు పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు. తల పైకెత్తి, జానెడు ఎత్తు నుంచి గటగటా నోట్లో పోసుకున్నాడు. చుక్క కింద పడలేదు. ఆయన కాళ్ల దగ్గర కూర్చున్న పాప కూడా తల పైకెత్తి, నోరు తెరుచుకుని చూస్తోంది.

నాకు అప్పుడు తెలిసింది. మా ఇంట్లో నీళ్లు తాగేటప్పుడు ఎవరూ మూతి పెట్టరు. చెంబైనా గ్లాసైనా ఎత్తి పోసుకోవడమే. టీ ఒక్కటే కరుచుకుని తాగుతాం, కానీ టీ గ్లాసు చేతిలో ఉంటే కాలుతుందని పాపను దగ్గరికి రానివ్వం. అత్త అయితే టీ కూడా చల్లార్చుకుని ఎత్తి పోసుకుంటుంది. మరి పిల్ల ఎవరిని చూసి నేర్చుకోవాలి? దానికి తాగడం రాక కాదు, మాలాగే తాగబోయింది.

వెంటనే కప్పులో పాలు పోసి, పాప ఎదురుగా కూర్చుని, చూపించి చూపించి మూతి పెట్టి తాగాను. పాప నన్ను ఎగాదిగా చూసింది. "ఎంగి" అంది. సాక్ష్యానికి వాళ్లవ్వ వైపు తిరిగింది. పాకే రోజుల్లో పాప చెంబు అంచుకు నోరు పెట్టబోయినప్పుడల్లా అత్త చేతి మీద చిన్నగా తట్టి, "ఎంగిలి, ఎంగిలి" అనేది. ఆ మాట దాని నోట ఇలా వచ్చింది.

నేను ఒంటికాలి మీద లేచాను. "చూసినావా అత్తా? నీ ఎంగిలి మాట ఎంత పని చేసిందో చూడు. పిల్ల ఆకలికి మాడతాంది."

శెనక్కాయలు ఒలుస్తున్న అత్త చేయి ఆపలేదు. ఒలుస్తూనే అంది.

"నీళ్లుండేవాళ్ల మాట చెప్తాండావు నువ్వు. మేము కాయలు పీకేకి పోతే అంతమందికీ ఒగటే చెంబు. ఒగరు మూతి పెడితే దాన్ని కడగాల. తాగేకే లేకపోతాంటే కడిగేకి యాడ తెస్తారు? మూతి పెట్టినదాన్ని అందరూ తిట్టేవాళ్లు. నన్నూ తిట్టినారు, చిన్నప్పుడు."

ఎంగిలి పేరు చెప్పి మన ఊళ్లలో ఎవరిని ఎంత దూరంలో నిలబెట్టారో నాకు తెలుసు. చెంబు చేతికివ్వకుండా దోసిట్లో పోసిన నీళ్ల సంగతీ తెలుసు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఆ మాట వినబడితే నాకు ఇంకేదీ తోచేది కాదు. అత్త చెప్పింది వేరు. చెంబెడు నీళ్లు పదిమందికి రావాలంటే ఒక్క పెదవీ తగలకూడదు, అంతే. బడిలో లెక్కలు చెప్పే నాకు ఈ లెక్క ఎప్పుడూ ఎదురుపడలేదు. అయినా ఇది తెలిసినంత మాత్రాన పిల్ల కడుపు నిండదు కదా. ఆ రోజు నేను అత్తతో మళ్లీ మాట్లాడలేదు.

మరుసటి పొద్దున అత్తే పిలిచింది. "పాలు తేమ్మా ఇట్ల."

వరండాలో పాపకు ఎదురుగా బాసిపట్టు వేసుకుని కూర్చుంది. పాలగ్లాసు అందుకుని కొంచెంసేపు దాంట్లోకి చూసింది. తర్వాత అంచు పెదవులకు ఆనించి, అలవాటు కొద్దీ ఒక్కసారిగా వంచేసింది. పాలు రెండు పక్కలా కారి గడ్డం మీదుగా చీరలో పడ్డాయి. అత్తకు పొలమారింది. అంత వయసు మనిషికి గ్లాసుకు మూతి పెట్టి తాగడం నిజంగానే రాదు. నేను తువ్వాలు తెచ్చేలోపే వద్దన్నట్టు చేయి ఊపి, ఈసారి మెల్లగా వంచి, ఒక్క గుక్క మింగింది.

"చూడు. ఎంగిలి గాదు" అంది పాపతో.

పాప కళ్లార్పకుండా చూసింది. దగ్గరికి వచ్చి, అవ్వ చేతిలో ఉన్న గ్లాసుకే నోరు ఆనించింది. గుటక వేసిన చప్పుడు నాకు వినబడింది. ఇంకో గుటక. తర్వాత గ్లాసును అవ్వ వైపు నెట్టింది, ఇప్పుడు నీ వంతు అన్నట్టు.

గ్లాసు అంచున పిల్ల చొంగ, పొద్దున నాకిన జావ అంటుకుని ఉన్నాయి. కన్నకొడుకు సగం తాగి పెట్టిన నీళ్లు కూడా చెట్టుకు పోసేసే మనిషి మా అత్త. ఒక్క క్షణం ఆగింది. ఆ అంచునే మూతి పెట్టి తాగింది.

అలా ఒకరి తర్వాత ఒకరు గ్లాసు ఖాళీ చేశారు. నాకు ఏడుపు ఆగలేదు. అత్త గడ్డం తుడుచుకోకుండానే నా వైపు చూసింది.

"బడికి వస్తానని చెప్పుపో వాళ్లకి" అంది. "మేమిద్దరమూ నేర్చుకుంటాము."