గాజు తుడిచే చేప

ఆ రోజు పొద్దున్నే పీటముడక్క పనికి కూర్చోగానే, కింద ఉన్న వలకుప్ప ఆమెను కుట్టింది. ఆమె మర్యాదగా లేచి, బట్టలు దులుపుకుని, వలకు నాలుగు చీవాట్లు పెట్టి మళ్ళీ అక్కడే కూర్చుంది. రెండోసారి కుట్టేసరికి వీధి చివరిదాకా వినబడేలా కేక పెట్టింది.

మడతలు విప్పితే చేప. ఒంటినిండా పెంకు, రెక్కల అంచుల్లో ముళ్ళు, పొట్టవైపు గుండ్రటి నోరు. రాత్రంతా తడి వలలో పడి ఉండి కూడా, ఇంకా నోరు తెరిచి మూస్తోంది.

చెరువు రేవు పక్క వరండాలో ఆమె జాలర్ల చిరిగిన వలలు బాగుచేస్తుంది. ఆమె వేసిన ముడి విప్పాలంటే కత్తి కావాలి. ఆ పేరు అలా వచ్చిందే. కానీ ఈమధ్య బాగుచేసిన వల ఇట్టే చిరిగి తిరిగొస్తోంది. "నీ ముడి వదులైందమ్మాయ్. ఇక అవతలి గట్టు వాడికిచ్చుకుంటాం," అన్నాడు జాలర్లలో పెద్దవాడు, అందరూ పెద్దయ్య అనే మనిషి. రంగుచేపల దుకాణం నడిపే ఆమె తమ్ముడు అప్పుడు పక్కనే ఉన్నాడు. తన తరఫున ఒక్క మాటైనా అంటాడని ఆశగా చూసింది.

"అక్కనేమీ అనకండి పెద్దయ్యా. పాపం, కళ్ళు మందగించాయి," అన్నాడు తమ్ముడు.

ఆమె దాన్ని ప్రేమే అనుకుంది. వెళ్ళి కళ్ళజోడు కూడా కొనుక్కుంది. పెట్టుకుని చూస్తే ముడులన్నీ సరిగ్గానే ఉన్నాయి, కాస్త పెద్దవిగా కనబడ్డాయి, అంతే.

ఈ చేప సంగతి వాడికైతే తెలుస్తుందని బకెట్లో వేసుకుని దుకాణానికి వెళ్ళింది. గుమ్మంలోనే ఆగిపోయింది. గాజుతొట్టెలకు అదే మొహం, వేలెడంత సైజులో, అతుక్కుని ఉంది.

"గాజు తుడిచే చేప అక్కా. నాచు తినేస్తుంది. పెంచేవాళ్ళకి తొట్టె కడిగే పని తప్పుతుంది."

"ఇంత పెరిగితే?"

"తిరిగిచ్చేస్తారు. చంపడానికి నాకు చెయ్యి రాదు. చెరువులో వదిలేస్తుంటాను. అన్ని నీళ్ళున్నాయి, నాలుగు చేపలు బరువా?"

"అయితే వలలు చింపేది ఇదేనని నీకు తెలుసన్నమాట."

"అనుమానం ఉండేది..."

"అనుమానం నీది, కళ్ళజోడు నాదా?"

వాడు తొట్టెలోకి చూస్తూ నిలబడ్డాడు. చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన తమ్ముడు. ఏడుద్దామంటే అప్పుడే ఎవరో వచ్చి, గాజు తుడిచే చేప ఉందా అని అడిగారు. ఆమె బకెట్టు తీసుకుంది, రెండో చేత్తో వాడి మణికట్టు పట్టుకుంది.

రేవులో పెద్దయ్య బకెట్లోకి తొంగిచూశాడు. "ఇదా! రోజూ పడుతుంది. కొనేవాడు లేడని పీకి మళ్ళీ నీళ్ళలోకే విసిరేస్తున్నాం." వలలు ఆమె దగ్గరికి దులిపాకే వస్తాయి. అందుకే ఇన్నాళ్ళూ ఆమె దీని మొహం చూడలేదు.

మిగతాది తమ్ముడే తల దించుకుని చెప్పాడు. ఎక్కడో దూరదేశపు నదిలోది. ఇక్కడ దీని పెంకు చూసి కొంగ కూడా ముట్టదు. మన చేపల గుడ్లు తింటుంది, గట్టుకు బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. ఇప్పుడు దీన్ని ఏరిపారెయ్యడం ఎవరి తరమూ కాదు.

"దీన్నిక నీళ్ళలో వేసినవాడు నా పడవెక్కడు," అన్నాడు పెద్దయ్య. తర్వాత గొంతు తగ్గించి, "నిన్ను ఊరికే అన్నాం తల్లీ," అన్నాడు.

వలలు వరండాకు తిరిగొచ్చాయి. తమ్ముడితో మాటలు మాత్రం తిరిగి రాలేదు. పెద్దయ్య వేసిన శిక్ష ప్రకారం, రోజూ దుకాణం తెరిచే ముందు వాడు ఆమె ఎదుట కూర్చుని, వలల్లో విరిగి ఇరుక్కున్న ఆ చేప ముళ్ళు ఏరాలి. ఆమె ముడులు వేసుకుంటూ ఉంటుంది, తల ఎత్తదు.

ఒక పొద్దున వాడు వేలు నోట్లో పెట్టుకుని గొణిగాడు. "ఈ వెలుతురులో ముళ్ళు కనబడి చావట్లేదక్కా, వేళ్ళన్నీ తూట్లు పడ్డాయి."

పీటముడక్క కళ్ళజోడు తీసి వాడి ముందు పెట్టింది.

"పెట్టుకోరా, నీ మాట మీద కొన్నదేగా."