మందు గోడౌను చుట్టూ మూడు చుట్లు

కరోనా తగ్గిన మరుసటి వానాకాలంలో నన్ను గురజాల దగ్గర ఒక సున్నపురాయి క్వారీలో మందు గోడౌను గేటు డ్యూటీకి వేశారు. మందు అంటే రాయి పేల్చే మందు. అంతకుముందు ఆ గేటు మా ఆయనది. ఆయన పోయాక కంపెనీ వాళ్ళు నాకు ఖాకీ చొక్కా, విజిల్, తాళంచెవి ఇచ్చారు. నాకు సంతకం వరకే వచ్చు. ఇది నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

గోడౌనులో రెండు గదులు. ఒకదాంట్లో మందు, దూరంగా ఇంకోదాంట్లో డిటోనేటర్లు, అంటే మందును అంటించే వేలెడంత గొట్టాలు. రెండూ ఒకచోట ఉండకూడదు. లోపలికి వెళ్ళే ప్రతివాడి దగ్గరా ఫోను, అగ్గిపెట్టె, బీడీ కట్ట తీసుకుని గేటు గదిలో పెట్టడం నా పని. చుట్టూ కంచె. ఆ కంచె లోపల, గేటుకు దగ్గరి మూల పోలేరమ్మ గుడి ఉంది. గోడౌను కట్టక ముందు నుంచీ ఉన్న గుడే గాని, కంచె వేశాక ఊరివాళ్ళను రానివ్వడం మానేశారు.

మా సెక్యూరిటీ ఆఫీసరు మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. డ్రోన్ కనబడితే ఏం చేయాలో మాకు నేర్పించాడు. విజిల్ ఊదాలి. గేటుకు తాళం వేయాలి. దాన్ని రాళ్ళతో కొట్టకూడదు, కొడితే గోడౌను మీదే పడుతుంది. ఆడించేవాడు ఎక్కడున్నాడో నేల మీద వెతకాలి. ఇంతవరకు బాగానే అర్థమైంది.

ఒక రోజు పొద్దున డిటోనేటర్ల వ్యాను వచ్చింది. బ్లాస్టర్ మస్తాను, అంటే క్వారీలో మందు పేల్చేవాడు, ఇద్దరు కూలీలతో పెట్టెలు దించుతున్నాడు. పత్తిచేల వైపు నుంచి తేనెటీగల రొద లాంటిది వినిపించింది. చూస్తే డ్రోన్. చేలో పురుగుమందు కొట్టే రకం, పెద్దది. నేరుగా కంచె దాటి వచ్చి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. నేను విజిల్ ఊది బయటి నుంచి గేటుకు తాళం వేశాను. ఆఫీసరు గేటు పక్కనున్న కాపలా టవర్ ఎక్కి దుర్భిణీలో చూసి కేకేశాడు.

"కింద ఏదో వేలాడుతోంది! ఏదో కట్టారు దానికి!"

ఆ మాటతో లోపలివాళ్ళు ముగ్గురూ గేటు మీదికి వచ్చి పడ్డారు.

"అక్కా, తాళం తియ్యి!" అని మస్తాను.

"తియ్యొద్దు రమణమ్మా! లోపలోళ్ళలో ఎవడన్నా దానికి సైగ చేస్తున్నాడేమో, ఎవడికి తెలుసు?" అని పైనుంచి ఆఫీసరు.

"సైగా? నా ఫోను నీ గదిలోనే ఉంది గదక్కా, దేంతో చేస్తా, గడ్డంతోనా?"

కూలీల్లో కోటయ్య నాకు మరిది వరస. "వదినా, మా అన్న పోయింది చాల్లే, నన్ను కూడా పంపిస్తావా ఏంది?" అన్నాడు. ఏడుస్తున్నాడో తిడుతున్నాడో తెలియలేదు.

నాకు బుర్ర పనిచేయలేదు. తీస్తే ఉద్యోగం పోతుంది. తీయకపోతే వీళ్ళు పోతారు. రెండో చుట్టు అయిపోయింది. అది ఎందుకు తిరుగుతుందో, ఎవరిదో ఏమీ తెలియదు. మస్తానును ఒక్కటే అడిగాను.

"పెట్టె మూశావా?"

"మూసి, గదిలో పెట్టి, తలుపేసే వచ్చా."

తాళం తీశాను. ముగ్గురూ బయటికి దూకారు. మూడో చుట్టు కాగానే డ్రోన్ గుడి మీద కిందికి దిగింది. వేలాడేది ఊడి పడింది. అందరం నేలకు కరుచుకున్నాం. ఏమీ కాలేదు. తల ఎత్తి చూస్తే ఒక నిమ్మకాయ దొర్లుకుంటూ వచ్చి గేటు దగ్గర ఆగింది. దాని వెనకే పచ్చిమిరపకాయలు గుచ్చిన దారం.

కాసేపటికి పక్క చేను రైతు రిమోటు మెడలో వేసుకుని పరుగెత్తుకొచ్చాడు.

"అరవమాకండయ్యా! కొత్త బండిని అమ్మోరి చుట్టూ మూడు తిప్పులు తిప్పకుండా చేలో దించుతామా? ట్రాక్టర్ కొన్నప్పుడూ ఇట్నే తిప్పినం. ఇప్పుడు మీరు మనుషుల్ని రానియ్యరాయె. అందుకని దాన్నే పంపినా."

వాణ్ణి కట్టేయాలో వదిలేయాలో ఆఫీసరుకు తోచలేదు. పోలీసులను పిలిచాడు. వాళ్ళు మందు గోడౌను మీద ఎగరేయకూడదని చెప్పి, డ్రోన్‌ను ఠాణాకు పట్టుకెళ్ళారు.

సాయంత్రం ఆఫీసరు నన్ను పిలిచి, చెప్పినా వినకుండా గేటు ఎందుకు తీశావని అడిగాడు.

"ఆ గేటు బయటోళ్ళు రాకుండానా, లోపలోళ్ళు పోకుండానా సార్? మీరు నేర్పేటప్పుడు అది చెప్పలా," అన్నాను.

"రెండింటికీ," అన్నాడు. మళ్ళీ తనే, "కాదు, ఆలోచించి చెబుతా," అన్నాడు.

వారం తిరక్కుండా నన్ను కాటా దగ్గరికి, లారీలు తూకం వేసేచోటికి మార్చారు. అది శిక్షో కాదో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రిటైరయ్యేదాకా అక్కడే చేశాను. ఆ నెలలోనే గోడౌను కంచెకు వెనకవైపు ఒక చిన్న తలుపు పెట్టించారు. దానికి తాళం లేదు, బయటి నుంచి తెరుచుకోదు. లోపలివాళ్ళు నెడితే తెరుచుకుంటుంది.

ఇప్పటికీ ఆకాశంలో డ్రోన్ పోతుంటే అది పెళ్ళిదో, పోలీసులదో, చేలో పురుగుమందుదో నేను చెప్పలేను. ఆ పనికి కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. తాళంచెవి చేతికి ఇచ్చిన రోజే, లోపల మనుషులుంటే ఏం చేయాలో అడిగి తెలుసుకోండి.