దగ్గుకు ఎంగిలి లేదు

నాకు క్షయ అని తేలిన రోజే మా అత్త నా కంచం తీసుకుపోయి పశువుల కొట్టం చూరులో దోపింది. "ఇంట్ల ఎంగిలి కలవొద్దు," అన్నది. మా ఆయన సారపాకలో డ్యూటీలో ఉన్నాడు. ఫోన్ చేస్తే, "అమ్మ చెప్పినట్టు ఇను," అని పెట్టేశాడు.

ఎంగిలి పట్టింపు నాకు కొత్త కాదు. బడికి పోని నాకు మా నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. ఎంగిలి చేత్తో పుస్తకం ముట్టకూడదని అక్షరాల కంటే ముందే నేర్పాడు. అందుకే కొట్టంలోనే కూర్చుని తిన్నాను. మూడు పక్కలా గోడ లేదు. అడవి మీదుగా గాలి పంపుతున్నందుకు రోజూ రామయ్యకు దండం పెట్టుకునేదాన్ని.

నా చిన్న పాపను మాత్రం నా దగ్గరకు రానివ్వలేదు. మామ పక్కన పడుకోబెట్టారు. మామ నాకంటే ముందు నుంచే దగ్గుతున్నాడు. చలి అని ఆ గది కిటికీ తెరిచేవారు కాదు.

మాత్రలు ఇవ్వడానికి వచ్చే ఆశా అక్కకు ఆ మాట చెప్పాను. ఆమె తెమడ పరీక్ష డబ్బీ పట్టుకుని గడపలో నిలబడింది.

"పెద్దాయనా, పొద్దుగాల దీన్ల తెమడ ఊంచుండ్రి. గీ జబ్బు కంచంల ఉండదమ్మా, దగ్గితే గాలిల కలుస్తది. నీ కోడలికి మందు పడ్డది, ఇగ ఆమెతోని భయం లేదు."

"దగ్గుకు ఎంగిలేంది?" అత్త నవ్వింది. "ఆయనది బీడీ దగ్గు. నా పెండ్లినాటి సంది ఇంటున్న. కోడలినే ఊంచమను, దానికి అలవాటైంది గదా."

"అత్తా, పాపనన్న బయట పంచల పండబెట్టు," అన్నాను.

"నీ నోరే ఎంగిలి. నువ్వు నాకు చెప్తవా?"

డబ్బీ ఖాళీగానే వెనక్కి పోయింది.

శివరాత్రి నాటికి పాప మెడ కింద గడ్డలు లేచాయి. సాయంత్రమైతే జ్వరం. మామకు దగ్గులో నెత్తురు పడ్డాక గానీ ఇద్దరినీ భద్రాచలం దవాఖానాకు తీసుకుపోలేదు. ఇద్దరికీ అదే జబ్బు. ముందు ఎవరు దగ్గారని డాక్టరమ్మ అడిగితే, అత్త నా వైపు వేలు చూపించింది.

ఇంటికి రాగానే అత్త పాప చిన్న కంచాన్ని పసుపు నీళ్లతో కడిగి తెచ్చి, నా కంచం పక్కనే చూరులో దోపింది. మామ కంచం మాత్రం లోపల, ఆయన పీట ముందరే ఉంది. ఇంటి పెద్ద కంచం బయట పెడితే అరిష్టమట.

పాప పరుగెత్తుకొచ్చి నా ఒళ్లో కూర్చుంది.

"అమ్మా, నాకు గూడ ఎంగిలైంది," అని సంబరంగా చెప్పింది.

బిడ్డను నా దగ్గరకు పంపినందుకు, ఆ పూట కూడా రామయ్యకు దండం పెట్టుకున్నాను.